కోటు తొడిగిన ఫొటో

గోడకు తగిలిస్తే ఉప్పుగాలి తినేస్తుందని మా అత్త ఫొటోలన్నీ రేకుపెట్టెలో దాచింది. పెట్టెలోనూ గాలి వాటిని వదల్లేదు. మొన్న వానాకాలంలో మూత తీస్తే సగం ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి.

మా అమ్మాయి బట్టల షాపులో పనిచేస్తుంది. సెలవు రోజున అన్నీ ఫోనులోకి ఎక్కిస్తానని చాప మీద పరిచింది. అత్త మొహాలు గుర్తుపట్టి చెబుతోంది, నేను వెనకవైపు పెన్సిలుతో పేర్లు రాస్తున్నాను. నలభై దాటాక రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు, తొందరగా పడవు.

"పేరు రాత్తన్నావా, వల అల్లుతన్నావా? నువ్వు రాసేలోపు ఇందులో బతికున్నోల్లు కూడా పోతారే," అంది అత్త.

అడుగున చెక్క ఫ్రేములో మా ఆయన ఉన్నాడు. ఆయనకున్నది ఆ ఒక్క ఫొటోయే. అమ్మాయి నా కడుపులో ఉండగా ఫిషింగ్ హార్బర్లో బోటెక్కాడు. బోటూ తిరిగి రాలేదు, మనిషీ రాలేదు. శవం చూడందే దండ వేయనివ్వనంది అత్త. అమ్మాయికి నాన్నంటే ఆ ఫొటోయే. ఇప్పుడు అద్దం లోపల తెల్లటి బూజు మూల నుంచి పాకి ఆయన చెంప దాకా వచ్చింది.

"స్టూడియోలో ఇత్తే బాగు సేత్తారమ్మా. రేపు పట్టుకెల్తాను," అంటూ అమ్మాయి అద్దం మీదుగానే ఫోనుతో ఒకటి తీసి, ఫ్రేము పక్కన పెట్టింది.

మర్నాడు నేను హార్బర్ నుంచి వచ్చి గంప దించేసరికి, అత్త ఆ ఫ్రేమును మంచినీళ్ల టబ్బులో ముంచి ఎదురుగా కూర్చుని ఉంది. ఉప్పు పట్టి బిరుసెక్కిన వలను మంచినీళ్లలో నానబెడితే పోగులు విడతాయి. బతుకంతా ఆమె చేసిన పని అదే. అద్దానికి అంటుకున్న ఫొటోకీ అదే చేసింది. కాగితం వచ్చింది, మొహం రాలేదు. నీళ్లమీద గోధుమరంగు పొర ఒకటి తేలుతోంది. అత్త దాన్ని దోసిట్లోకి తీసుకోబోతే వేళ్ల సందుల్లో విడిపోయింది.

"వల్లాగే వత్తాదనుకున్నానే," అంది. ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

ఇక మిగిలింది ఫోనులోదే. స్టూడియోవాళ్లు దాన్నే పెద్దది చేసి ఇచ్చారు. బూజు పోయింది. అద్దం మీద పడిన వెలుగూ పోయింది. ఆయన నలుపు పోయింది. గళ్లచొక్కా బదులు నల్లకోటు వచ్చింది. అడక్కపోయినా అందరికీ తొడుగుతారట.

అత్త దాన్ని కళ్లకి ఆనించుకుని చూసింది. "ఎవుడే ఈడు? బేంకు మేనేజరా?"

"నాన్నే మామ్మా. బాగున్నాడు కదా?"

"కనుబొమ్మ మీద గేలం సీరిన మచ్చేదే?"

అమ్మాయి ఫోనులో ముందు తీసిన ఫొటో చూస్తే సరిగ్గా కనుబొమ్మల మీదే అద్దం వెలుగు పడి ఉంది. అమ్మాయి మాత్రం ఆ కోటు ఫొటోనే ఫోను తెరమీద పెట్టుకుంది. మీ నాన్న హీరోలా ఉన్నాడని షాపులో అన్నారట. ఆ మాట చెబుతున్నప్పుడు దాని మొహం చూసి, కాదనడానికి నాకు నోరు రాలేదు.

కనీసం మచ్చయినా పెట్టించాలని అత్తా నేనూ స్టూడియోకి వెళ్లాం.

"ఏ కంటి మీదమ్మా?" అన్నాడు కంప్యూటరు ముందు కూర్చున్నాయన.

"ఎడమ," అన్నాను.

"కుడేపు," అంది అత్త.

"కాదత్తా, ఎడమేపే."

"నా కొడుకు మొకం నాకు తెల్దేటే?"

ఆమె తన కనుబొమ్మ మీద వేలు పెట్టుకుంది. నేనేమో, మా ఆయన నాకు ఎదురుగా నిలబడితే ఎలా ఉండేదో తలుచుకుని గాలిలో వేలు ఆడించాను.

"ఇద్దరూ తేల్చుకుని రండమ్మా," అని కంప్యూటరాయన వెనకవాళ్లని పిలిచాడు.

బస్సులో దారంతా వాదించుకున్నాం. దిగే ముందు అత్త గొంతు తగ్గించి, "నువ్వన్నదే అయ్యుంటాదిలే," అంది. అప్పటికి నాకూ కుడివైపేనేమో అనిపిస్తోంది.