గుండీల తాత కొత్త కన్ను

గుండీల తాతకి ఉన్న పిచ్చి ఒక్కటే: "నాకేం కనపట్టం లేదు" అనడం. ముసలాళ్ళందరూ కనపడకపోయినా కనపడుతోందని బుకాయిస్తారు కదా, ఈయనదంతా తిరకాసు. గోడమీద గడియారం కనపడదు, కోడలి మొహం కనపడదు, కంచంలో కూర తగ్గితే మాత్రం టక్కున కనపడుతుంది.

తొంభై రెండేళ్ళ దర్జీ. మిషను కొడుక్కిచ్చేసి గుండీలు కుట్టే పని తన దగ్గరే అట్టిపెట్టుకున్నాడు. కళ్ళనిండా శుక్లాలు, మరి సూదిలో దారం ఎట్లా ఎక్కుతుంది? దానికి ఆయన పెళ్ళాం ముసలమ్మ ఉంది. కాలు విరిగి అతుక్కున్నా, గోడవైపు తిరిగి పడుకుని, ఇక నాతో మీకేం పని అనేది. ఈయన దారమెక్కించమని రోజుకి ఇరవైసార్లు కేకేస్తుంటే, తిట్టుకుంటూ లేచి నడవడం మొదలెట్టింది.

ఈ వయసులో ఆపరేషనేంటని చుట్టాలు నోళ్ళు నొక్కుకున్నా, కోడలు పట్టుబట్టి తీసుకెళ్ళింది. డాక్టరు ఒక కంట్లో శుక్లం తీసేసి అద్దం పెట్టాడు. కట్టు విప్పగానే ముసలాయన ఆ డాక్టరు చొక్కాకేసి చూసి, రెండో గుండీ వేరే దారంతో కుట్టారన్నాడు. డాక్టరు మురిసిపోయాడు, కోడలు కళ్ళు తుడుచుకుంది.

ఇంటికొచ్చిన రెండోరోజే మళ్ళీ మొదలు. "నాకేం కనపట్టం లేదమ్మాయ్." కొక్కేనికున్న కోటుని చూసి, నిలబడ్డారేం, కూర్చోండన్నాడు. కోడలికి మందుసీసా గుర్తొచ్చింది. ముందురోజు మధ్యాహ్నం వంటపనిలో పడి చుక్కల మందు వెయ్యడం మర్చిపోయింది మరి. నా చేతులారా కన్ను పోగొట్టానని తిండి మానేసింది. మొగుడికి చెప్పే ధైర్యం లేదు. డాక్టరు దగ్గరికి పోదాం రమ్మంటే, వారానికి కదా రమ్మన్నాడని ముసలాయన మంచం దిగడే.

ఐదోనాడు మందుసీసా పట్టుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. ముసలాయన సూదిని వెలుతురుకేసి ఎత్తి, ఒక్క తడవలో దారం ఎక్కించాడు. చూసుకుని మురిశాడు. మళ్ళీ లాగేశాడు. లాగేసి, లోపలిగదికేసి తిరిగి, "ఏమే, ఈ సూదికి బెజ్జం ఉందా అసలు?" అని కేకేశాడు.

ముసలమ్మ కుంటుకుంటూ వచ్చింది. మూడుసార్లు తప్పి నాలుగోసారి ఎక్కించింది.

"అంత డాక్టరు కోసిపెట్టినా నీకు చూపు రాలా. నేను లేకపోతే నీ బతుకేమయ్యేదయ్యా?"

"అదే కదా నేననేది."

కోడలికప్పుడు తట్టింది. ఆస్పత్రి నుంచి వచ్చిన పూట, చూపొచ్చిందని చెప్పగానే అత్తగారు ఇక సూదికి నేనెందుకంటూ మళ్ళీ గోడవైపు తిరిగింది. కోడలు చప్పుడు కాకుండా వంటింట్లోకి పోయి, నాలుగురోజుల ఆకలీ ఒక్కసారే తీర్చుకుంది.

వారానికి డాక్టరు లైటేసి చూసి, చూపు ఎట్లా ఉందని అడిగాడు. ముసలాయన దొంగలా కోడలి మొహంలోకి చూశాడు.

"ఇద్దరికీ బాగా నయమైంది డాక్టరుగారూ. మీ చేతులు చల్లగుండాలి," అంది కోడలు.

డాక్టరు కాగితాలు అటూ ఇటూ తిరగేశాడు.

"నేను చేసింది ఒక్కరికే కదమ్మా?"