నేను తీసేసిన ప్రభువు

ఆరేళ్లుగా ఇది నా గొంతులో ఇరుక్కుని ఉంది. మింగలేను, కక్కలేను. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీకే చెబుతున్నాను.

జర్మనీలోని లైప్‌జిగ్‌లో మాస్టర్స్ చేస్తున్నప్పుడు స్వప్న, నేను ఒక ప్రొఫెసర్ దగ్గర పార్ట్‌టైమ్ చేసేవాళ్లం. ప్రాచీన చైనాలోని చిన్న చిన్న సామంత రాజ్యాల పాలకుల వివరాలను కంప్యూటర్ పట్టికలోకి ఎక్కించడం పని. స్వప్న గుంటూరు పిల్ల, నాకు జూనియర్. ఆ పాలకుల మీదే పీహెచ్‌డీ చేయాలని ఆమె ఆశ. నాకు మాత్రం ఆ పని రెజ్యూమెలో ఒక లైను.

నా లాగిన్ ఇంకా రాలేదని తనది ఇచ్చింది. ఒకరోజు ఒకే రాజ్యంలో ఒకే బిరుదుతో ఇద్దరు ప్రభువులు కనిపించారు. చనిపోయాక ఇచ్చే ఆ బిరుదులు మళ్లీ మళ్లీ వస్తాయని, మూల గ్రంథం చూడకుండా ఏదీ తీయొద్దని స్వప్న రెండుసార్లు చెప్పింది. నాకు బద్ధకం. డూప్లికేట్ అనుకుని, ఏడాది కూడా ఏలని రెండో ఆయనను తీసేశాను. పట్టికలో ఆయన కొడుకులు ఇంకెవరికో కొడుకులైపోయారు.

ఆ పట్టికతో సదస్సులో మాట్లాడిన ప్రొఫెసర్ నవ్వులపాలయ్యాడు. అతను తిరిగొచ్చి చూస్తే, లాగిన్ ఆమెది కాబట్టి తీసేసిన చోట స్వప్న పేరుంది.

ఆమె మెన్సాలో, అంటే యూనివర్సిటీ క్యాంటీన్‌లో, నా ఎదురుగా కూర్చుని అడిగింది.

“అన్నా, నువ్వేమైనా ముట్టుకున్నావా?”

“నేను ఆ రాజ్యం దిక్కే పోలే. పరీక్షలల్ల అలసిపోయినవ్, చూస్కోకుండ నువ్వే తీసేసి ఉంటవ్.”

“అంతేనేమో. నాకసలు గుర్తే లేదు.”

నేను తింటూనే ఉన్నాను. ముద్ద ఎలా దిగింది? భయపడ్డానని మీతో అనొచ్చు. కానీ ఆమె తలూపినప్పుడు నాకు కలిగింది భయం కాదు, నమ్మేసిందన్న హాయి. తన తెలివి మీద తనకే నమ్మకం పోతుంటే, ఎదురుగా కూర్చుని హాయి అనుభవించిన మనిషిని నేను.

ఆమె ప్రొఫెసర్‌కు క్షమాపణ రాసింది. పీహెచ్‌డీ ఆలోచన మానుకుంది. ఇప్పుడు హానోవర్‌లో ఐటీ ఉద్యోగం. మొన్న ఫోన్‌లో, ఆ చదువుకు తను పనికిరాదని అప్పుడే తెలియడం మంచిదైందని నవ్వింది. నేనూ నవ్వాను. ఛీ.

ఈ ఉదయం మెసేజ్ పెట్టాను: స్వప్నా, ఆ ప్రభువును తీసేసింది నేను. తెలిసే నీమీదకు నెట్టాను.

చదివింది. ఏమనుకుంటోందో అడిగే ముఖం నాకు లేదు. చెప్పేశానన్న ఊరట మాత్రం ఉంది. ఆ ఊరట కూడా ముందు నాకే దక్కిందని చూసుకుంటే నామీద నాకే ఒళ్లు మండుతోంది.