దేముడమ్మ పూచీ

కంచరపాలెం బర్మా క్యాంపులో దేముడమ్మ నోటికి జడవనివాళ్లు లేరు. అరవైనాలుగులో మనవాళ్లను బర్మా నుంచి పంపించేస్తుంటే, రంగూన్‌లో ఓడెక్కి కట్టుబట్టలతో ఇక్కడ దిగింది. మొగుడు పోయాక సాయంత్రాలు వీధి మొదట్లో బండి మీద బర్మా నూడుల్స్ అమ్ముతూ ఒక్కగానొక్క కూతురు గౌరీశ్వరిని పెంచింది. అరువడిగితే తిట్టేది, తిట్టి మరీ ప్లేటు నింపేది. అంత మనిషీ తమ్ముడి పేరెత్తితే మెత్తబడిపోయేది. అక్కను అప్పా అని పిలిచే ఆ తమ్ముడు ఎల్లారావు ఓడెక్కకుండా రంగూన్‌లోనే ఉండిపోయాడు. ఆ తర్వాత అతన్ని మళ్లీ చూసే యోగం ఆవిడకు లేకపోయింది.

డెబ్భై ఆరులో ఎల్లారావు కొడుకు శ్రీరామ్మూర్తికి ఇక్కడి పాలిటెక్నిక్‌లో సీటు దొరికింది. తమ్ముడు రాకపోయినా తమ్ముడి బిడ్డ వస్తున్నాడని ఆవిడ కాలు నేల మీద నిలవలేదు. వీసా ఇచ్చేముందు వాకబు చేయడానికి ఒక కానిస్టేబులు ఇంటికొచ్చాడు. ఆవిడ అతనికి కుర్చీ వేసి, నూడుల్స్ పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"చదువయ్యాక కుర్రాడు తిరిగెళ్లిపోతాడా?" అని అడిగాడతను.

"ఎందుకెలిపోతాడు బాబూ? నా పిల్లనిచ్చి ఇక్కడే ఉంచీసుకుంతాను. గదికి సున్నం కూడా ఏయించీసాను, సూడు!"

మన వైపు మేనరికం మాట దాచుకునేది కాదు, పదిమందికీ చెప్పుకునేది. ఆవిడ చెప్పుకుంది, అతను రాసుకున్నాడు. చదువు వంకతో ఇక్కడ స్థిరపడటానికే వస్తున్నాడని వీసా ఇవ్వలేదు.

నేను పోర్టులో టైపిస్టుని, ఆవిడ వీధిలోనే ఉండేవాణ్ణి. ఏడుస్తూ నా దగ్గరికొచ్చింది.

"నానేటి తప్పు సెప్పాను బాబూ? ఉన్నమాటే కదా సెప్పాను!"

"ఉన్నమాట చెప్పబట్టే వచ్చింది చిక్కు" అని కసిరాను. నిజానికి నా కోపం ఆవిడ మీద కాదు. మేనల్లుడు మేనత్త ఇంటికి రావడానికి ఇన్ని ముద్రలు కావాలా అని నాకు ఒళ్లు మండింది.

మళ్లీ విచారించమని పైవాళ్లకు అప్పీలు టైపు చేశాను. చదువవగానే కుర్రాణ్ణి తిరిగి పంపించే పూచీ నాది అన్న వాక్యం నేను చదివి వినిపించేసరికి, వేలిముద్ర వేయబోతున్న చెయ్యి ఆవిడ వెనక్కి తీసుకుంది.

"ఆ ముక్క కొట్టీ."

"కొట్టేస్తే కుర్రాడు రాడు."

"రానిచ్చి, పంపకపోతే ఏటి?"

"అలా అయితే ఇంకెవరిచేతైనా టైపు చేయించుకో" అన్నాను. విసవిసా వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు శుభలేఖ పట్టుకుని వచ్చింది. గౌరీశ్వరికి దువ్వాడ రైల్వేస్టేషన్లో పనిచేసే గవర్రాజుతో పెళ్లట.

"ఇంట్లో పిల్లుంతే నాను మాట నిలబెట్టుకోలేను బాబూ. ఇప్పుడు ఏయించు ఏలిముద్ర" అంది.

గౌరీశ్వరి ఏమనుకుందో ఎవరూ అడగలేదు. చిన్నప్పట్నుంచీ బర్మా బావ పేరు చెప్పి అందరూ ఏడిపిస్తే సిగ్గుపడిన పిల్ల, తలొంచుకుని తాళి కట్టించుకుని దువ్వాడ వెళ్లిపోయింది.

విచారణలో అధికారి మళ్లీ అదే ప్రశ్న వేశాడు. "పంపుతాను" అంది దేముడమ్మ. బయటికొచ్చి ఆఫీసు మెట్ల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వీసా వచ్చింది.

కుర్రాడు అచ్చం తండ్రేనట. నవ్వితే ఎడమ కన్ను మూసుకుపోయేది. సాయంత్రమయ్యేసరికి వాణ్ణి బండి పక్కన స్టూలు మీద కూర్చోబెట్టేది. "పనేటీ సెయ్యొద్దు, ఊరికే కూకో. సూసుకుంతాను" అనేది. ఒక్కోసారి ఎల్లారావూ అని పిలిచి నాలిక్కరుచుకునేది. వాడున్నన్నాళ్లూ ఆవిడ ఎవర్నీ గట్టిగా తిట్టలేదు. ఒంట్లో బాగాలేదేమోనని క్యాంపులో జనం కంగారుపడ్డారు కూడా.

మూడేళ్లకు డిప్లొమా చేతికొచ్చింది. కలకత్తా మీదుగా వెళ్లిపోవడానికి పెట్టె సర్దుకున్నాడు. సాగనంపుదామని నేనూ వెళ్లాను. గుమ్మంలో వాడు ఆగిపోయాడు.

"అత్తా, నువ్వొక్క మాటంతే ఉండిపోతాను. ఉక్కు ఫ్యాక్టరీ కడతన్నారు, ఉద్యోగం దొరుకుతాది."

అంటుందనే అనుకున్నాను. అనాలనే నాకూ ఉంది. ఆ అప్పీలు కాగితం ఏ బీరువాలో దుమ్ము తింటోందో, దాన్ని పట్టుకుని ఇప్పుడు ఎవడొస్తాడు?

"అనన్రా" అంది దేముడమ్మ. "నానిక్కడే ఉండిపోతానప్పా అని మీ నాన్న అంతే, సరేలే అనీసి ఓడెక్కీసాను. దిగినకాణ్ణుంచీ ఏడుస్తనే ఉన్నాను. ఈ ఏడుపెలగుంతాదో నాకు తెల్సు. దీన్ని మీ నాన్నకి నానివ్వను."

అలా అంటూనే రెండు చేతులా వాడి చొక్కా పట్టుకుంది. రైలు వేళవుతోందని చెప్పి, ఆ వేళ్లు నేనే విడిపించాల్సి వచ్చింది.