నిండు బిందె

కరెంటు పోయి యూపీఎస్ కీచుమనగానే నా వేళ్లు వాటంతట అవే సేవ్ నొక్కేస్తాయి. ఇప్పుడు మా ఆఫీసు కంప్యూటర్లలో పని ఎప్పటికప్పుడు భద్రమైపోతుంది, నొక్కాల్సిన అవసరమే లేదు. మొన్న అలాగే నొక్కితే పక్క సీటు అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ అలవాటు నాకు పట్టుకున్నది యాదయ్య అన్న దగ్గర.

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులో ఆయనకు నాలుగు కంప్యూటర్ల ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. మా నాన్నలాగే ఆయనదీ నల్లగొండ వైపు పల్లె. నేను డిగ్రీ చదువుతూ యానిమేషన్ కోచింగ్‌లో చేరాను. అక్కడ గేములు తయారుచేయడం నేర్పరని తెలిశాక మొహం వేలాడేసుకుని ఆయన దగ్గరికి పోయాను. సొంతంగా ఒక గేమ్ చేసి, దాన్ని చూపించి ఉద్యోగం సంపాదించాలని నా పంతం. ఇంట్లో కంప్యూటర్ లేదు. ఆయనకు కోడ్ రాయడం అంతంతమాత్రమే వచ్చు. కానీ ఆడటం వచ్చు, ఆడిన ఆటలో తప్పు పట్టడం ఇంకా బాగా వచ్చు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. బంద్ రోజున షట్టర్ సగం దించి నన్ను లోపల కూర్చోబెట్టేవారు. ఆపైన కరెంటు కోతలు. సేవ్ చేయక రెండుసార్లు నా పనంతా గాల్లో కలిసిపోయింది. ఏడుస్తూ కూర్చుంటే గళ్ల నోటుబుక్కు ఒకటి నా ముందు పడేశారు.

"ఏడుసుడెందుకు చెల్లె? కరెంటు లేకుంటె కాగితం లేదా? ముందుగాల గీండ్ల ఆడి సూపియ్యి."

అప్పటినుంచి అదే పద్ధతి. గళ్లలో దారి గీసి, ఒక చింతగింజను అమ్మాయిగా పెట్టేదాన్ని. నా గేమ్‌లో ఆ అమ్మాయి బోరింగు దగ్గర బిందె నింపుకుని, కుక్కలనూ గుంతలనూ తప్పించుకుంటూ ఇల్లు చేరాలి. దేనికి తగిలినా నీళ్లు ఒలుకుతాయి. చిన్నప్పుడు అమ్మమ్మ ఊళ్లో నేను మోసిన బిందే అది. యాదయ్య అన్న గింజను జరుపుతూ, "గీ కుక్కేంది, గోడల నుంచి ఒస్తది?" అని ఏడిపించేవారు. కాగితం మీద తప్పు తేలేదాకా కంప్యూటర్ ముట్టనిచ్చేవారు కాదు. ఒళ్లు మండేది. ఎలాగైతేనేం, ఆరు నెలలకు మూడు స్టేజీలూ పూర్తయ్యాయి. ఒక కాపీ ఆయన కంప్యూటర్లో ఉంచి, సీడీ నేను తీసుకున్నాను.

మాదాపూర్ కంపెనీ ఒకటి ఇంటర్వ్యూకు పిలిచింది. సరిగ్గా ఆ రోజే బంద్. ఇంకో రోజు ఇమ్మంటే కుదరదన్నారు. బస్సుల్లేవు. ఎల్బీ నగర్‌లో మా ఇంటి నుంచి కొత్తపేట మీదుగా దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచాను. అక్కడ ఉద్యమకారులు నిరసనగా నడిరోడ్డు మీదే వండి తినే వంటావార్పు జరుగుతోంది. రాళ్ల పొయ్యిల మీద గుండిగలు, ఒక గుండిగ దగ్గర గరిటెతో యాదయ్య అన్న.

"అన్నా, ఎట్లన్న జేసి నన్ను పంపియ్యన్నా. పదకొండింటికి ఇంటర్వ్యూ."

"ఈడ ఇడిసినా ముందట ఆపుతరు చెల్లె. పట్నమంత బందుంది. జర తిను. రేపు నేనొచ్చి ఆళ్లతోని మాట్లాడుత" అంటూ విస్తరిలో అన్నం పెట్టి చేతికిచ్చారు.

"మీ రాష్ట్రం మీకొస్తది. నా నౌకరి ఎవలు తెస్తరు?" అని అరిచి, విస్తరి రోడ్డు మీద పెట్టేసి వెనక్కి తిరిగాను. అన్నం పెట్టిన మనిషిని నలుగురిలో అంత మాట అన్నాను.

ఆ ఉద్యోగం పోయింది. నేను మళ్లీ సెంటర్ గడప తొక్కలేదు. కోపం నెల తిరక్కుండానే చల్లారింది, సిగ్గు చల్లారలేదు. రాష్ట్రం వచ్చింది. వేరేవాళ్ల గేముల్లో తప్పులు వెతికే పనితో మొదలుపెట్టి, నేనూ గేములు చేసేదాన్నయ్యాను. ఆ మాట ఆయనకు చెప్పాలనుకుంటూనే ఏళ్లు గడిపేశాను. చివరికి వెళితే సెంటర్ ఉన్నచోట చెప్పుల దుకాణం కనిపించింది. వాళ్లనూ వీళ్లనూ అడిగి కర్మన్‌ఘాట్‌లో ఇల్లు పట్టుకున్నాను. ఆయన గోడ మీద ఫోటోలో ఉన్నారు. కిడ్నీలు పాడై, పోయి రెండేళ్లయిందట.

ఆయన భార్య, నాకు వదిన, లోపలికి వెళ్లి ఆ గళ్ల నోటుబుక్కు తెచ్చింది. "గిరాకి లేనప్పుడల్లా నీ ఆటనే ఆడుతుండె బిడ్డా. దవాఖానకు పోంగ గూడ, గిది పారెయ్యకు, చెల్లెదని చెప్పిండు."

నేను వెళ్లిపోయాక ఆయన పట్టిన తప్పులన్నీ అందులో ఉన్నాయి. చిట్టచివరిది ఇది: "మూడో స్టేజిల బిందె నిండుగ ఉంటె ఇంటి తలుపు తెరుసుకుంటలేదు. జరంత ఒలికినంకనే తెరుసుకుంటుంది. ఒలకకుంట ఎవలన్న తెస్తరని చెల్లె అనుకున్నట్టు లేదు. ఒస్తె చెప్పాలె."

నిజమే, అనుకోలేదు. ఆటలోనూ, అమ్మమ్మ ఊళ్లోనూ నేనెప్పుడూ నిండు బిందెతో ఇల్లు చేరలేదు. అందుకే ఆ తప్పు నా కంటపడలేదు. అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఇప్పటికీ ఏ గేమ్ అయినా ముందు గళ్ల కాగితం మీదే ఆడిస్తాను. కొత్తగా చేరిన పిల్లలు విసుక్కుంటారు, విసుక్కోనీ. నా సీడీ గీతలుపడి పనికిరాకుండా పోయింది. ఆయన కంప్యూటర్లు ఎప్పుడో తుక్కు సామాన్లలో పోయాయట. కోడ్‌లో ఒక్క వరుస మారిస్తే ఆ తలుపు తెరుచుకునేది. ఒక్క చుక్క ఒలకకుండా అక్కడిదాకా వచ్చిన మనిషి, నిండు బిందెతో బయటే నిలబడిపోయాడు.