గాలికి చూపించని కారు

యానాం ఏటిగట్టు దిగువన ఎవరో ఫైబర్ పడవకు మరమ్మతు చేస్తున్నారు. ఫైబర్ అతికించే రెజిన్ జిగురు వాసన గుప్పున కొట్టింది. ఆ ఘాటుకు కళ్ళు చెమ్మగిల్లాయి. వాసన వల్లేనని నాకు నేను చెప్పుకున్నాను గానీ, కాదు. రత్నంగారు పోయి ఏడాదయింది. ఆయన జ్ఞాపకార్థ కూడికకే నేను పక్కనే ఉన్న అడవిపొలం వెళ్తున్నాను. ఆయన దగ్గర పనిచేసినన్నాళ్ళూ మా షెడ్డు నిండా ఇదే వాసన.

మాది కోయంబత్తూరు దగ్గర ఒక చిన్న రేసింగ్ టీము. ఒక్క మనిషి పట్టే, చక్రాలు బయటికి కనిపించే ఫార్ములా కార్లు నడిపేవాళ్ళం. అలాంటి కారును గాలే నేలకు అదిమిపట్టాలి. లేకపోతే మలుపులో జారిపోతుంది. ఆ గాలి సంగతి చూసేది రత్నంగారు, ఆయన కింద నేను. పెద్ద టీముల్లో ఈ పనికి ఒక పటాలమే ఉంటుంది, కారును నిలబెట్టి గాలి వదిలి చూసే విండ్ టన్నెల్ ఉంటుంది. మాకున్నది ఒక కంప్యూటరు, కాస్త ఊలుదారం. ఇంటర్వ్యూ రోజున నా యాస వినగానే ఆయన మొహం విప్పారింది. "ఏ ఊరమ్మా మీది?" అన్నారు. "యానామండి, అగ్రహారం" అన్నాను. "ఆయ్! మనూరమ్మాయే. తుపాన్లు చూసినదానివి, గాలి గురించి నీకు నేను చెప్పేదేముంటుందిలే!" ఆయన వేళాకోళమాడగా నేను విన్న కొద్దిసార్లలో అదొకటి.

ఆ ఏటి కారుతో మొదటి పరీక్షకు వెళ్ళినప్పుడు, దాని అడుగున ఉండే ఫ్లోరు అంచుల వెంట ఊలుదారం ముక్కలు అతికించాం. గాలి సాఫీగా పోతే దారాలు వెనక్కి వాలిపోతాయి, చెదిరితే కొట్టుకుంటాయి. కంప్యూటరు లెక్క ప్రకారం అన్నీ బుద్ధిగా పడుకోవాలి. వీడియోలో చూస్తే ఎడమవైపు దారాలు పిచ్చెక్కినట్టు ఎగురుతున్నాయి. నాకు ఏడుపొక్కటే తక్కువ. "కెమెరా ఊగిందేమోనండి" అన్నాను. ఆయన కళ్ళెర్రజేశారు. "చూసింది చూసినట్టు చెప్పు. చూడనిది తెలీదని చెప్పు. మూడో మాట నా దగ్గర తేకు." ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. ముక్కుమీద కోపం మనిషి. నాకూ తక్కువేం లేదు గనక నేనూ పలకరించలేదు.

పల్చగా చేసుకున్న ఫ్లోరు వేగానికి వంగిపోతోంది, అదీ జబ్బు. బాగుచేయాలంటే కొత్త అచ్చు పోయాలి. మా తాహతుకు ఆ ఏడు ఒక్క అచ్చే. దానితో ఈ కారును సరిచేసుకోవచ్చు, లేదా దీన్ని ఇలాగే వదిలేసి వచ్చే ఏటి కారుకు ఫ్లోరు తయారు చేసుకోవచ్చు. ఏదో ఒకటే. యజమాని చేతులు దులుపుకుని నిర్ణయం రత్నంగారి నెత్తిన పెట్టాడు. మా డ్రైవరు వంశీది రాజమండ్రి. నేరుగా ఆయన దగ్గరికే వచ్చాడు. "సార్, పై ఏడు నాకెవరూ సీటివ్వరండి. దీన్నే బాగుచెయ్యండి" అన్నాడు.

"ఎంత చేసినా ఇది ముందుకు రాదు బాబూ. కొత్తది వస్తుంది."

"వస్తుందని మీకు తెలుసాండి?"

"తెలీదు. నా లెక్క అలా ఉంది."

రత్నంగారు ఆ అచ్చును వచ్చే ఏటి కారుకే పోయించారు. వంశీ ఆ ఏడంతా జారే కారుతో కుస్తీపట్టి, అట్టడుగున మిగిలి, హెల్మెట్ మా షెడ్డులోనే వదిలేసి వెళ్ళిపోయాడు. కొత్త ఫ్లోరు మాత్రం నున్నగా, గట్టిగా, చూడముచ్చటగా వచ్చింది. దాన్ని కొత్త కారుకు బిగించాం కూడా. ట్రాకు మీదికి తీసుకెళ్ళేలోపే యజమాని టీము మూసేశాడు. "ఒక్క రౌండు తిప్పి చూడనివ్వండి" అని రత్నంగారు బతిమాలారు. ఆయన ఎవరినైనా బతిమాలడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. షెడ్డుకు తాళం పడింది. తర్వాత కారును ముక్కలు చేసి అమ్మేశారని తెలిసింది. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

ఆయన అడవిపొలం వచ్చేశారు. ఒకసారి చూడ్డానికి వెళ్తే, కూర్చోమనైనా అనకుండా "వంశీ ఏం చేస్తున్నాడు?" అని అడిగారు. ఏదో షోరూంలో కార్లు అమ్ముతున్నాడని చెప్పాను. "ఆ కుర్రాడి ఏడాది నేను తినేశానమ్మా" అన్నారు. మీ లెక్క సరైనదేనండి అందామని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆయన దగ్గర ఆ మాట చెల్లదు. కాఫీ తాగి వచ్చేశాను. అదే ఆఖరిచూపు.

ఈ రోజు కూడికలో ప్రార్థన అయ్యాక, ఆయన భార్య మార్తమ్మగారు నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళారు. "పోయేముందు కూడా ఆ కొత్త కారు గొడవేనమ్మా ఆయనకి. ఆ డ్రైవరు కుర్రాడి బతుకు పాడుచేశానని కుమిలిపోయారు. నువ్వు పక్కనే ఉన్నావు కదా, నువ్వు చెప్పు. అది పరిగెట్టేదా?"

ఆమె తడికళ్ళతో నా మొహంలోకే చూస్తున్నారు. ఆయ్ అంటే చాలు, ఆవిడ గుండె కుదుటపడుతుంది. కాదనేవాళ్ళు ఈ లోకంలో ఎవరూ లేరు.

"తెలీదండి" అన్నాను. "దాన్నెవరమూ నడిపి చూళ్ళేదు."

ఆవిడ నా చెయ్యి వదిలేశారు. "నువ్వైనా అవునంటావనుకున్నానమ్మా" అని పొయ్యివైపు తిరిగిపోయారు. ఆయన ఇంట్లో, ఆయన భార్య కన్నీళ్ళ ముందు కూడా, ఆయన నేర్పిన మాట తప్ప ఇంకో మాట నా నోట రాలేదు.