మాస్టారు రాసిన రెండు టర్ముల రూలు

మొన్న మా అబ్బాయి డైనింగ్ టేబుల్ మీద ఎ-లెవెల్, అంటే ఇక్కడి ఇంటర్, పాలిటిక్స్ పుస్తకం పరుచుకుని కూర్చున్నాడు. అమెరికా ప్రభుత్వం చాప్టరు. అధ్యక్షుడు ఒక గడిలో, కాంగ్రెస్ ఒక గడిలో, సుప్రీంకోర్టు ఒక గడిలో, మధ్యలో అటూ ఇటూ బాణాలు. "మమ్, డు యూ నో ఎనీ ఆఫ్ దిస్?" అని అడిగాడు. తెలియకపోవడమేమిటి, బొమ్మతో సహా తెలుసు! "పొయ్యి మీద కూర మాడుతోంది, తర్వాత చెప్తాలే" అని వంటింట్లోకి వెళ్ళిపోయాను. పొయ్యి మీద ఏమీ లేదు.

ఆ బొమ్మ నేను మొదటిసారి చూసింది క్రోయిడన్‌లో, అక్క వాళ్ళ ఫ్రంట్ రూములో, ఒక టేక్‌అవే మెనూ కాగితం వెనక. అక్కంటే తోడబుట్టిన అక్క కాదు. నేను హాస్పిటల్ ఉద్యోగానికి కొత్తగా వచ్చి, బ్రెడ్డు తిని బతుకుతున్న రోజుల్లో, నా డ్యూటీల రోటా కనుక్కుని మరీ అన్నం డబ్బా పంపిన మనిషి. బొమ్మ వేసింది వాళ్ళ నాన్నగారు. తెనాలి కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరై, భార్య పోయాక కూతురి దగ్గరే ఉండిపోయారు. ఇక్కడ తల నెరిసిన ప్రతివాళ్ళూ అంకులే కదా. ఆయన్ని మాత్రం అలా పిలిస్తే పలికేవారు కాదు. "అంకుల్ అంటే బస్సులో పక్క సీటువాడు కూడా అంకులే. మాస్టారు అను, పలుకుతా" అనేవారు. 2008 చలికాలం అది. అమెరికాలో ఎన్నికల హడావిడి, ఇక్కడ మేం తెలుగు సంఘం పెట్టాలన్న హడావిడి. రెండూ కలిపి ఆయన మాకు ప్రతి ఆదివారం మధ్యాహ్నం పాఠం మొదలుపెట్టారు. ఆరుగురం విద్యార్థులం, అందరికీ పెళ్ళిళ్ళయి పిల్లలున్నారు. ఆలస్యంగా వస్తే గుమ్మం దగ్గర నిలబెట్టేవారు కూడా. పెసరట్ల వాసన వస్తున్నా పాఠం అయ్యేదాకా కదలనిచ్చేవారు కాదు.

చెప్పడం మాత్రం ఎంత బాగా చెప్పేవారో! ఈ రాణిగారి దేశంలో ప్రధానమంత్రి పార్లమెంటులోనే కూర్చుంటాడు, అమెరికాలో అధ్యక్షుడికి కాంగ్రెస్‌లో కుర్చీ ఉండదు, ఎందుకంటే వాళ్ళకి రాజుగారంటే అంత భయం పట్టుకుంది అనేవారు. "ఉగాదికి హాల్లో వంట చేస్తాం చూడండి, పులిహోర చెయ్యాలని చెప్పేది ఒకరు, చేసేది ఒకరు, ఉప్పెక్కువైందని చెప్పేది ఇంకొకరు. ముగ్గురూ ఒకరే అయితే ఉప్పెక్కువైందని చెప్పేవాడుండడు, మనం తినేసి ఇంటికి పోవడమే" అన్నారు ఒకసారి. జడ్జీలకి జీవితాంతం ఉద్యోగం, జీతం తగ్గించకూడదు అని ఎందుకు పెట్టారో చెబుతూ, అన్నం పెట్టేవాడి మీద తీర్పు చెప్పాలంటే ఎవడికైనా గొంతు పెగలదర్రా అన్నారు. మేం బుద్ధిగా తలలూపాం. అక్క వంటింట్లోంచి "నాన్నా, మీ మాత్రలు" అని కేకేసింది.

సంఘానికి నియమావళి ఆయనే రాశారు. మూడు గళ్ళూ పెట్టారు. కమిటీ, సర్వసభ్య సమావేశం, తగువులు తీర్చడానికి ముగ్గురు పెద్దలు. పెద్దల్లో పెద్ద ఆయనే. ప్రెసిడెంటుగా ఎవరైనా రెండేళ్ళ చొప్పున రెండుసార్లే అన్న రూలు దగ్గర చాలాసేపు ఆగారు. అమెరికాలో మొదట ఇది కాగితం మీద లేదట. పెద్దమనుషులు వాళ్ళంతట వాళ్ళే దిగిపోయేవాళ్ళట. ఒకాయన దిగలేదు, అప్పుడు రాసుకున్నారట. "మంచివాళ్ళొస్తారని రూలు రాయకూడదమ్మాయ్. మనవాళ్ళే మారిపోతారని రాసుకోవాలి" అన్నారు నాతో. నియమావళి టైపు చేసింది నేను. ఆ వాక్యం దగ్గర నాకు ఒళ్ళు పులకరించింది. నవ్వుకోండి, ఫరవాలేదు.

అక్క ప్రెసిడెంటయింది. ఆవిడ కష్టపడలేదని నేనంటే కళ్ళు పోతాయి. కౌన్సిల్‌తో పోట్లాడి హాలు సంపాదించింది, పిల్లలకి తెలుగు క్లాసు పెట్టించింది. నాలుగేళ్ళయ్యాయి. మాస్టారు నన్ను పిలిచి నామినేషన్ వెయ్యమన్నారు. "నువ్వు నిలబడాలి. పోటీ లేకపోతే అది ఎన్నిక కాదు, సంతర్పణ" అన్నారు. వేశాను. ఏం దాచుకోను, నాకు ప్రెసిడెంటు కావాలనే ఉంది. హాస్పిటల్లో ఎన్నేళ్ళు చేసినా నన్ను ముందు వరసలో కూర్చోబెట్టినవాళ్ళు లేరు. అద్దం ముందు నిలబడి ఉపన్యాసం కూడా చెప్పుకున్నాను. వారం తిరక్కుండా అక్క మూడోసారి నామినేషన్ వేసిందని తెలిసింది. నేను కంగారుపడలేదు. రూలుంది, రాసిన మాస్టారున్నారు.

శనివారం పొద్దున మాస్టారు ట్రాము దిగి, నడుచుకుంటూ మా ఇంటికొచ్చారు. చేతిలో గోంగూర పచ్చడి సీసా. పాఠం చెప్పేటప్పుడు మనిషి కళ్ళల్లోకి చూసి మాట్లాడే ఆయన, ఆ రోజు మా కార్పెట్‌ని చూస్తూ మాట్లాడారు. అక్క మొదటిసారి ఎన్నికైంది ఉగాదికి, నియమావళి ఆమోదించుకున్నది ఆ తర్వాత దసరాకి, కాబట్టి ఆ మొదటి టర్ము లెక్కలోకి రాదని పెద్దలు ముగ్గురూ తేల్చారట.

"రెండుసార్లే అని మీరే కదా రాశారు మాస్టారూ?"

"రాసింది నేనే. దాని అర్థం నాకంటే నీకు ఎక్కువ తెలుసా?"

అంత కఠినంగా ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించారు. "నువ్వు విత్‌డ్రా అయితే ఏకగ్రీవం అవుతుందమ్మా. పరాయి దేశంలో తెలుగువాళ్ళం కొట్టుకున్నామనే పేరెందుకు? పోటీ అయితే ఆ ఇంట్లో నేను కూర్చుని అన్నం తినగలనా చెప్పు."

ఆ ఒక్క మాటకి నేను కరిగిపోయాను. తెల్లకాగితం ఆయనే జేబులోంచి తీశారు. విత్‌డ్రా అవుతున్నట్టు అప్పటికే రాసి తెచ్చారు, నా సంతకం ఒక్కటే తక్కువ. అది చూడగానే అర్థమైంది. ఆయన నా దగ్గరికి అడగడానికి రాలేదు, నేను కాదననని తెలిసే వచ్చారు. అన్ని ఆదివారాలు నన్ను చదువుకున్నది ఇందుకా అనిపించింది. అయినా పెట్టాను సంతకం.

మర్నాడు హాల్లో మాస్టారే లేచి, మైకు పట్టుకుని ప్రకటించారు. ఏకగ్రీవం మన సంస్కృతి గొప్పతనమట, పోటీలూ ఓట్లూ నమ్మకం లేనివాళ్ళకట. "మా అమ్మాయిలాంటిది, ఎవరూ అడక్కుండానే పెద్దమనసుతో తప్పుకుంది" అని నన్ను చూపించారు. అక్క దండ వేయించుకుని నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వులో కపటం లేదు. ఆయన నా దగ్గరికొచ్చిన సంగతి ఆవిడకి తెలియనే తెలియదని తర్వాత చాలా కాలానికి అర్థమైంది. అంటే ఆవిడ అడగకుండానే చేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చోబెట్టారు కదా, నేనూ కొట్టాను.

ఆ తర్వాత ఆదివారాలు నాకు ఎప్పుడూ డ్యూటీయే పడింది, నేనే అడిగి వేయించుకునేదాన్ని. మాస్టారు ఇండియా వెళ్ళిపోయారు, అక్కడే పోయారు. ఫోనులో వార్త విని ఏడ్చాను కూడా. ఇన్నేళ్ళలో ఆయన మీద కోపం అరిగి అరిగి గుర్తుచేసుకుంటే తప్ప రావడం లేదు, ఆ రోజు చప్పట్లు కొట్టిన నా మీద కోపం మాత్రం ఏడాదికేడాది పెరుగుతోంది.