అన్న బండి చివరి బోల్టు

ముప్పై ఏళ్లు పత్రికలో పనిచేశాను. కళ్లతో చూడనిది రాయలేదు. ఈ సంగతి కూడా అందుకే రాయలేదు... దీన్ని చూడలేదు. విన్నాను. అన్నం మీద ఒట్టేసి చెబుతున్నాను, విన్నాను.

మా అన్న రాజయ్య బెల్లంపల్లి గనిలో బొగ్గు తొట్లు లాగే ఇంజను నడిపేవాడు. జాగీర్లు పోయిన రోజుల్లో హైదరాబాదులో ఎవరో వదిలించుకున్న పాత మోటారు కారు కొని, కంపెనీ క్వార్టరు వెనక రేకుల షెడ్డులో పెట్టాడు. పందెం బండి చేస్తానన్నాడు. రెండు కార్బురేటర్లు బిగించాడు. బరువు తగ్గాలని తలుపులు పీకేశాడు. నాలుగేళ్లు ఆదివారాలన్నీ దానికే. ఆయన బండి కింద, నేను పైన గొలుసు కప్పీ దగ్గర. మాటలుండవు. గనిలో మోగించే గంటల లెక్కే మాకూ. పానాతో ఇనుము మీద ఒక దెబ్బ కొడితే ఆపాలి. రెండు కొడితే లాగాలి.

బండి ఒక్క గజం కదలకుండానే అన్న కామెర్లతో పోయాడు. క్వార్టరు ఖాళీ చేయమని వదినకు కాగితం వచ్చింది. ఖానాపూర్‌లో ఆమె పుట్టింటివాళ్లకు ఉన్నది రెండు గదులు. బండిని ఎక్కడ పెడతాం?

భైంసా మెకానిక్ ఖాదర్ భాయ్ ఒక్కో సామానూ కొనుక్కుపోయాడు. చక్రాలు, డైనమో, కార్బురేటర్లు.

"మీ అన్న దీన్ని గాలిల లేపుదామనుకున్నడు తమ్మీ," అని నవ్వాడు. వదినను చూసి ఆపేశాడు. "తెల్లారి లారీ తెస్త. ఇంజను ఇప్పి పెట్టుండ్రి."

ఆ రాత్రి షెడ్డులో నేనూ వదినా. బండి దుంగల మీద ఉంది. ఆమె లాంతరు పట్టుకుంది. ఇంజనుకు గొలుసు కట్టాను. మూడు బోల్టులు వచ్చాయి. నాలుగోదానికి పానా తగిలించాను...

ఠంగ్.

ఒకటే. బండి కింద నుంచి.

నా చేయి దానంతట అదే ఆగింది. నాలుగేళ్ల అలవాటు.

"నువ్వు కొట్టినవా?" వదిన మెల్లగా అడిగింది.

"లేదు వదినా."

లాంతరు దించి చూసింది. దుంగలు. నూనె మరక. అన్న పరుచుకునే గోనెసంచి... అంతే.

ఎంతసేపు నిలబడ్డామో. గ్యాస్‌నూనె అయిపోయి దీపం సన్నబడింది... ఆరింది. ఆ చీకట్లో వదిన గొంతు. బండి కిందికి వంగి చెబుతోంది.

"పొద్దుగాల ఇల్లు ఇడిచిపెట్టాలె. దీన్ని యాడ పెట్టుకుందు? జర మీరే చెప్పుండ్రి."

పానా చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను...

ఠంగ్... ఠంగ్.

వదినే అనుకున్నాను. ఆ లెక్క ఆమెకూ తెలుసు. తడుముకుంటూ నాలుగో బోల్టు తిప్పాను. గొలుసు లాగాను. ఇంజను లేచింది. అప్పుడు వినిపించింది వదిన ఏడుపు.

పన్నెండేళ్ల తర్వాత ఖానాపూర్ వెళ్లినప్పుడు అడిగాను. "ఆ రెండు దెబ్బలు నువ్వే కదా వదినా?"

ఆమె విస్తరాకు కుట్టడం ఆపింది.

"నా చేతిల లాంతరే ఉండె. నా మనసు నిమ్మళం చేయనీకి నువ్వే కొట్టినవనుకున్న, శంకరూ."

పగలు కాగిన ఇనుము రాత్రి చల్లబడితే చప్పుడు చేస్తుందంటాడు ఖాదర్ భాయ్. కావచ్చు. కాకపోతే... సరేనని మా అన్నే లాగమన్నాడేమో. ఇనుము చప్పుడే అయితే, ఆయన ఒప్పుకోకుండానే ఊడదీశాం.

ఏదో ఒకటి తేలితే బాగుండును.